డయలర్‌తో వచ్చే లాన్ నెట్‌ను ల్యాప్‌టాప్ నుంచి ఫోన్లకు హాట్‌స్పాట్‌గా ఇవ్వడం ఎలా?

కోరంగి
అందరికీ నమస్కారం. మాది కాకినాడ దగ్గర ఒక పల్లె. ఊళ్లో కేబుల్ ఆపరేటర్ దగ్గరే నెట్ తీసుకున్నాం. స్తంభం మీది బాక్సు నుంచి లాన్ వైరు కిటికీలోంచి వచ్చి నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టారు. మధ్యలో రౌటర్ లేదు. ల్యాప్‌టాప్‌లో "బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్" అనే డయలర్ ఒకటి ఉంటుంది. దాన్ని నొక్కి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇస్తే నెట్ వస్తుంది, స్పీడు కూడా బాగానే ఉంది.

సమస్య ఫోన్లతో. ఇంట్లో మొబైల్ సిగ్నల్ ఒక గీతే. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఈఏపీసెట్ మాక్ టెస్టులు, వీడియో క్లాసులు అన్నీ ఫోన్ యాప్‌లోనే. ల్యాప్‌టాప్‌కు వచ్చే నెట్‌నే వైఫైగా ఫోన్‌కు ఇద్దామని మొబైల్ హాట్‌స్పాట్ ఆన్ చేస్తే, "ఈ పీసీకి ఈథర్నెట్, వైఫై, సెల్యులార్ డేటా కనెక్షన్ ఏదీ లేదు" అనే అర్థంలో ఇంగ్లీషులో మెసేజ్ వస్తోంది. అదే సమయంలో అదే ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ చక్కగా పనిచేస్తోంది! విండోస్ 10, ల్యాప్‌టాప్ పాతదే. పరీక్షలు దగ్గర పడుతున్నాయి, టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు దారి చెప్పండి.

పెన్నాతీరం
కోరంగి గారూ, వెయ్యి, పన్నెండు వందల్లో మామూలు రౌటర్ వస్తుంది. ఆ వైరు దానికి పెట్టి, యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ అందులో ఎక్కించండి. ల్యాప్‌టాప్ ఆఫ్ చేసినా ఇంట్లో నెట్ ఉంటుంది. నెల్లూరులో మా షాపుకు ఇలాంటి కేసులు చాలా వస్తాయి, అందరికీ ఇదే చెబుతాను.

కోరంగి
ధన్యవాదాలండీ. రౌటర్ సంగతి ఆపరేటర్ దగ్గర అడిగాం. లైన్ ఈ ల్యాప్‌టాప్‌కే కట్టి ఉంది, వేరే డబ్బా పెడితే రాదు అన్నాడు. మార్చాలంటే ఆఫీసు నుంచి మనిషి రావాలట, ఎప్పుడొస్తాడో తెలియదు. ఈ లోపు అమ్మాయికి పని జరగాలి.

మంజీర
కోరంగి గారూ, మీ వర్ణన చూస్తే ఇది పీపీపీఓఈ కనెక్షన్, అంటే లాన్ వైరు మీదుగా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇస్తేనే నెట్ వచ్చే పద్ధతి. ఈ ఒక్క విషయం అర్థమైతే మిగతాదంతా దారిలో పడుతుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ ల్యాప్‌టాప్‌లో రెండు వేర్వేరు కనెక్షన్లు ఉన్నాయి. ఒకటి ఈథర్నెట్, అంటే వైరు గుచ్చిన పోర్టు. రెండోది ఆ వైరు మీదుగా యూజర్‌నేమ్‌తో డయల్ చేసి తెచ్చుకునే బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్. కాలువ ఇంటి దాకా తవ్వి ఉన్నా తూము ఎత్తితేనే నీళ్లు వస్తాయి కదా, ఇక్కడ తూము ఆ డయలర్. ఇంటర్నెట్‌లో తిరిగే ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో మన పరికరాన్ని గుర్తించే నంబరు, వచ్చేది డయలర్‌కే. ఒట్టి ఈథర్నెట్ పోర్టుకు పనికొచ్చే అడ్రస్ ఏదీ ఉండదు.

విండోస్ 10లో మొబైల్ హాట్‌స్పాట్ బటన్ ఈథర్నెట్, వైఫై, సిమ్ కనెక్షన్లను చూసుకుని పనిచేసేలా ఉంటుంది. డయల్ చేసి తెచ్చుకున్న కనెక్షన్‌ను చాలాసార్లు లెక్కలోకి తీసుకోదు. మీకు ఆ మెసేజ్ రావడానికి కారణం అదే. ల్యాప్‌టాప్ చెడిపోలేదు, వైరులోనూ లోపం లేదు.

నిర్ధారించుకోవడానికి కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొట్టండి. పీపీపీ అడాప్టర్ కింద ఏ అడ్రస్ ఉందో, ఈథర్నెట్ అడాప్టర్ కింద ఏముందో చెప్పండి. తర్వాత నెట్‌ష్ వ్లాన్ షో డ్రైవర్స్ అని కొట్టండి. (ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, మీరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. నెట్‌ష్ అంటే netsh, వ్లాన్ అంటే wlan.) అందులో "హోస్టెడ్ నెట్‌వర్క్ సపోర్టెడ్" అనే వరుసలో ఎస్ ఉందా, నో ఉందా అన్నది ముఖ్యం.

గోల్కొండ27
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి అన్నా. నాది కూడా దాదాపు ఇదే గోల. హాస్టల్ రూమ్‌లో గోడకు లాన్ పోర్టు ఉంది. ల్యాప్‌టాప్ విండోస్ 11. డయలర్ లేదు, బ్రౌజర్‌లో ఒక పేజీ వస్తే రోల్ నంబర్‌తో లాగిన్ అవుతాం. హాట్‌స్పాట్ ఆన్ అయింది, నా ఫోన్ కనెక్ట్ అయింది కానీ రూమ్మేట్ పాత ఫోన్‌లో హాట్‌స్పాట్ పేరే కనిపించడం లేదు.

మంజీర
తమ్ముడూ, నీది సులువు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో మొబైల్ హాట్‌స్పాట్, ప్రాపర్టీస్‌లో ఎడిట్ నొక్కు. బ్యాండ్ అనే చోట 2.4 గిగాహెర్ట్జ్ పెట్టు. నీ ల్యాప్‌టాప్ 5 గిగాహెర్ట్జ్‌లో ప్రసారం చేస్తుండొచ్చు. పాత ఫోన్లు, చాలా స్మార్ట్ ప్లగ్గులు, చవక టీవీలు 2.4 తప్ప చూడలేవు. స్పీడు తగ్గుతుంది, కానీ గోడ దాటి పక్క రూమ్ దాకా బాగా అందుతుంది.

"షేర్ మై ఇంటర్నెట్ కనెక్షన్ ఫ్రమ్" దగ్గర ఈథర్నెట్, "షేర్ ఓవర్" దగ్గర వైఫై ఉన్నాయో లేదో కూడా చూసుకో. బ్లూటూత్ ఉంటే పేరు కనిపించదు. ఒకేసారి 8 పరికరాల వరకే విండోస్ ఒప్పుకుంటుంది.

గోల్కొండ27
2.4 పెట్టగానే కనిపించింది అన్నా, థాంక్స్! లాగిన్ పేజీ ఫోన్లలో మళ్లీ అడగడం లేదు, అదెలా?

మంజీర
హాస్టల్ నెట్‌వర్క్‌కు కనిపించేది నీ ల్యాప్‌టాప్ ఒక్కటే. ఫోన్లకు ల్యాప్‌టాప్ 192.168.137 తో మొదలయ్యే అడ్రస్‌లు పంచుతుంది, వాటి ట్రాఫిక్‌ను తన అడ్రస్ మీద బయటికి పంపుతుంది. దీన్నే నాట్ అంటారు. అందుకే ఒక్క లాగిన్ సరిపోతోంది. దానర్థం, రూమ్మేట్ ఫోన్‌లో ఏం చూసినా కాలేజీ నెట్‌వర్క్ రికార్డులో పడేది నీ రోల్ నంబరే.

వంశధార
మంజీర గారి ఆఖరి మాటను నేను ఇంకాస్త గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. గోల్కొండ తమ్ముడూ, ముందు హాస్టల్ రూల్స్ చదువు. చాలా కాలేజీల్లో లాన్ పోర్టు నుంచి వైఫై పంచడం నిషేధం. ఎవరి ఐడీ మీద జరిగితే వాళ్లనే పిలుస్తారు.

ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. 2008లో అహ్మదాబాద్ పేలుళ్లకు బాధ్యత ప్రకటిస్తూ వచ్చిన ఈమెయిల్ నవీ ముంబైలో ఒక ఇంటి పాస్‌వర్డ్ లేని వైఫై నుంచి వెళ్లింది. ఆ ఇంట్లో అద్దెకున్న మనిషికి దానితో సంబంధం లేదు, అయినా పోలీసు విచారణ మొదట ఆయన చుట్టూనే తిరిగింది. కనెక్షన్ ఎవరి పేరున ఉంటే మొదటి ప్రశ్న వాళ్లకే.

కాబట్టి హాట్‌స్పాట్‌కు పాస్‌వర్డ్ తప్పనిసరి. కనీసం 8 అక్షరాలు లేకపోతే విండోస్ కూడా తీసుకోదు, కానీ 8 దగ్గరే ఆగకండి. ఫోన్ నంబరు, పిల్లల పేరు, 12345678 లాంటివి వద్దు. పక్కింటివాళ్లు అడిగితే మొహమాటానికి ఇచ్చేయకండి. చాలా కంపెనీల షరతుల్లో కనెక్షన్ ఇల్లు దాటి పంచకూడదనే ఉంటుంది.

కోరంగి
మంజీర గారూ, మీరు చెప్పినట్టే చేశాను. పీపీపీ అడాప్టర్ కింద 100 తో మొదలయ్యే అడ్రస్ ఉంది. ఈథర్నెట్ కింద 169.254 తో మొదలయ్యేది ఉంది. రెండో కమాండ్‌లో హోస్టెడ్ నెట్‌వర్క్ సపోర్టెడ్ దగ్గర ఎస్ అని ఉంది.

మంజీర
చాలా మంచి వార్త. 169.254 అంటే ఆ పోర్టుకు ఎవరూ అడ్రస్ ఇవ్వలేదు కాబట్టి విండోస్ తనంతట తాను పెట్టుకున్నది. దాన్ని షేర్ చేస్తే ఫోన్‌లో వైఫై గుర్తు వస్తుంది, నెట్ మాత్రం రాదు. మీరు షేర్ చేయాల్సింది పీపీపీ కనెక్షన్‌ను.

ఆ ఎస్ మీకు కలిసొచ్చింది. హోస్టెడ్ నెట్‌వర్క్ అనేది ల్యాప్‌టాప్ నుంచే వైఫై ఇవ్వడానికి విండోస్ 7తో, అంటే 2009లో వచ్చిన పాత పద్ధతి. కొత్త వైఫై కార్డులను నడిపే సాఫ్ట్‌వేర్లలో (డ్రైవర్లలో) చాలావరకు దాన్ని తీసేశారు, వాటిల్లో నో అని వస్తుంది. మీ ల్యాప్‌టాప్ పాతది కావడమే ఇక్కడ మేలు.

ఇక పని. స్టార్ట్‌లో కమాండ్ ప్రాంప్ట్ మీద రైట్ క్లిక్ చేసి "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" ఎంచుకోండి. మామూలుగా తెరిస్తే పని జరగదు. అందులో

నెట్‌ష్ వ్లాన్ సెట్ హోస్టెడ్‌నెట్‌వర్క్ మోడ్=అలౌ ఎస్ఎస్ఐడీ=మీ ఇష్టమైన పేరు కీ=పాస్‌వర్డ్

అని కొట్టండి. హోస్టెడ్‌నెట్‌వర్క్ అన్నది ఖాళీ లేకుండా ఒకే మాట. పేరులో కూడా ఖాళీ వదలకండి. తర్వాత

నెట్‌ష్ వ్లాన్ స్టార్ట్ హోస్టెడ్‌నెట్‌వర్క్

అంటే వైఫై మొదలవుతుంది. ఫోన్‌లో పేరు కనిపిస్తుంది. ఇంకా నెట్ రాదు, కంగారు పడకండి.

ఇప్పుడు విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ కొట్టండి. కనెక్షన్లన్నీ కనిపిస్తాయి. వాటిలో "లోకల్ ఏరియా కనెక్షన్" పక్కన నక్షత్రం గుర్తు (*), ఒక అంకె ఉన్నది కొత్తగా వచ్చి ఉంటుంది, ఆ పేరు గుర్తుపెట్టుకోండి. బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, షేరింగ్ ట్యాబ్. మొదటి టిక్ పెట్టి, కింద హోమ్ నెట్‌వర్కింగ్ కనెక్షన్ దగ్గర ఆ లోకల్ ఏరియా కనెక్షన్‌ను ఎంచుకోండి. ఓకే. అప్పటికే డయల్ అయి ఉంటే ఒకసారి డిస్‌కనెక్ట్ చేసి మళ్లీ కనెక్ట్ చేయండి.

పెన్నాతీరం
మంజీర గారూ, పద్ధతి సరైనదే. నా అభ్యంతరం వేరే. ప్రతిసారీ ల్యాప్‌టాప్ ఆన్ చేసి, డయల్ చేసి, అడ్మిన్ ప్రాంప్ట్‌లో కమాండ్ కొట్టి... ఇంట్లో ఆడపిల్ల చదువు మధ్యలో ఇదంతా చేయాలా? ఎక్కువ రౌటర్లు పది వాట్ల లోపే తీసుకుంటాయి, ల్యాప్‌టాప్ రోజంతా ఆన్‌లో ఉంటే దానికన్నా చాలా ఎక్కువ. పైగా వేడి, ఫ్యాన్ అరుగుదల.

"వేరే డబ్బా పెడితే రాదు" అన్నది కూడా సగమే నిజం. ఆపరేటర్ మీ ల్యాప్‌టాప్ పోర్టు మ్యాక్ అడ్రస్‌ను, అంటే ఆ పోర్టు గుర్తింపు నంబరును, తన సర్వర్‌లో కట్టేసి ఉంటాడు. దాదాపు ప్రతి రౌటర్‌లో మ్యాక్ క్లోన్ అనే ఆప్షన్ ఉంటుంది. ల్యాప్‌టాప్ మ్యాక్ అడ్రస్‌ను అక్కడ ఎక్కిస్తే అవతలివైపు అదే ల్యాప్‌టాప్ అనుకుంటుంది. అయితే ఆపరేటర్‌కు చెప్పి చేయడమే మర్యాద. చెబితే చాలామంది ఫోన్‌లోనే కొత్త మ్యాక్ ఎక్కించేస్తారు, మనిషి రానక్కర్లేదు.

మంజీర
మీతో వాదన లేదు. ఎక్కువ కాలానికి రౌటరే. కానీ ఈ రోజు రాత్రి టెస్టుకు ఇప్పుడు ఇంట్లో ఉన్నదే కదా దిక్కు. రెండూ జరగనివ్వండి.

తుమ్మెద
లినక్స్ వాడేవాళ్ల కోసం ఇది కూడా ఇక్కడ ఉండాలి. నేను హనుమకొండలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతాను, ల్యాబ్‌లో ఉబుంటు మెషీన్లే. వాటిలో ఈ తలనొప్పి చాలా తక్కువ. సెట్టింగ్స్‌లో వైఫై, పైన మూడు చుక్కల మెనూలో "టర్న్ ఆన్ వైఫై హాట్‌స్పాట్". అంతే.

నాకు బాగా నచ్చేదేమిటంటే, ఏ కనెక్షన్‌ను షేర్ చేయాలని అది అడగదు. ఆ సమయంలో మెషీన్ ఏ దారిలో బయటికి వెళ్తోందో ఫోన్ల ట్రాఫిక్ కూడా అదే దారిలో వెళ్తుంది. డయలర్ అయినా, మామూలు లాన్ అయినా, యూఎస్‌బీ మోడెమ్ అయినా తేడా లేదు. కోరంగి గారి సమస్య ఇక్కడ పుట్టదు. ఫోన్లకు 10.42.0 తో మొదలయ్యే అడ్రస్‌లు వస్తాయి.

ఒక్కటే షరతు, వైఫై కార్డు ఏపీ మోడ్‌ను, అంటే తానే వైఫై ప్రసారం చేసే పద్ధతిని, సపోర్ట్ చేయాలి. టెర్మినల్‌లో ఐడబ్ల్యూ లిస్ట్ అని కొడితే వచ్చే పెద్ద జాబితాలో "సపోర్టెడ్ ఇంటర్‌ఫేస్ మోడ్స్" కింద ఏపీ అని ఉందేమో చూడండి. చాలా ఇంటెల్ కార్డులు 2.4లో హాట్‌స్పాట్ ఇస్తాయి కానీ 5లో ఇవ్వవు. ఆ ఛానెళ్లలో ముందుగా ప్రసారం మొదలుపెట్టడాన్ని కార్డే అడ్డుకుంటుంది. అది సెట్టింగ్ మారిస్తే పోయేది కాదు, దాని మీద సాయంత్రమంతా పోగొట్టుకోకండి. డెస్క్‌టాప్‌కు డాంగిల్ కొంటుంటే కొనే ముందే చిప్ పేరు చూడండి. ఎథెరోస్ ఏఆర్9271 చిప్ ఉన్నవి పాతవైనా లినక్స్‌లో ఏపీ మోడ్‌కు నమ్మదగ్గవి.

కోరంగి
స్టార్ట్ కమాండ్ దగ్గర ఆగిపోయింది. "హోస్టెడ్ నెట్‌వర్క్ కుడ్ నాట్ బి స్టార్టెడ్" అని, కింద "గ్రూప్ ఆర్ రిసోర్స్ సరైన స్థితిలో లేదు" అన్నట్టు వస్తోంది.

మంజీర
ఇది తరచూ వచ్చేదే. డివైస్ మేనేజర్ తెరవండి. పైన వ్యూ మెనూలో "షో హిడెన్ డివైసెస్" టిక్ పెట్టండి. నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద "మైక్రోసాఫ్ట్ హోస్టెడ్ నెట్‌వర్క్ వర్చువల్ అడాప్టర్" ఉంటుంది. దాని గుర్తు మీద కిందికి చూపే చిన్న బాణం ఉంటే డిసేబుల్ అయి ఉన్నట్టు. రైట్ క్లిక్ చేసి ఎనేబుల్ చేయండి. వైఫై స్విచ్, ఏరోప్లేన్ మోడ్ కూడా చూడండి. కొన్ని ల్యాప్‌టాప్‌లకు పక్కన చిన్న స్లైడర్ ఉంటుంది, అది ఆఫ్‌లో ఉన్నా ఇదే మెసేజ్ వస్తుంది.

సియాటిల్_వాన
యాపిల్ మ్యాక్ కంప్యూటర్ల సంగతి నేను చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. ఆఫీసు పని మీద వెళ్లినప్పుడు కొన్ని హోటళ్లలో వైఫై కన్నా టేబుల్ మీది లాన్ పోర్టే మెరుగ్గా ఉంటుంది. యూఎస్‌బీ-సీ అడాప్టర్‌తో వైరు పెట్టి, సిస్టమ్ సెట్టింగ్స్‌లో జనరల్, షేరింగ్, ఇంటర్నెట్ షేరింగ్‌కు వెళ్లాలి. 2022లో వచ్చిన వెంచురా కన్నా ముందు వెర్షన్లలో సిస్టమ్ ప్రిఫరెన్సెస్‌లో షేరింగ్ కింద ఉండేది. ఎక్కడినుంచి అన్న చోట ఆ ఈథర్నెట్ అడాప్టర్, ఎటువైపు అన్న చోట వైఫై. ముందు వైఫై ఆప్షన్స్‌లో పేరు, పాస్‌వర్డ్ పెట్టి, ఆ తర్వాతే స్విచ్ ఆన్ చేయండి.

వైఫైతో వచ్చే నెట్‌ను మళ్లీ వైఫైగా ఇవ్వడం మ్యాక్ ఇంటర్నెట్ షేరింగ్‌లో కుదరదు. అలాగే ఆఫీసు, యూనివర్సిటీ లాన్లలో 802.1ఎక్స్ లాగిన్ (లాన్‌లోకి రానివ్వడానికే ఐడీ అడిగే పద్ధతి) ఉంటే షేరింగ్ ఆన్ చేయనివ్వదు.

కోరంగి
వచ్చింది! అడాప్టర్ డిసేబుల్ అయి ఉంది. ఎనేబుల్ చేసి, స్టార్ట్ కమాండ్ ఇచ్చి, బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్‌ను షేర్ చేసి, మళ్లీ డయల్ చేశాను. అమ్మాయి ఫోన్‌లో వీడియో ఆగకుండా నడుస్తోంది. మంజీర గారూ, ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు.

రెండు చిన్న విషయాలు. మా ఆవిడ ఫోన్ కనెక్ట్ అయింది కానీ అందులో ఏ సైటూ తెరుచుకోవడం లేదు. రెండోది, ల్యాప్‌టాప్ మూత మూసినప్పుడు అంతా ఆగిపోతోంది.

తుమ్మెద
మీ ఆవిడ గారి ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ సెట్టింగ్‌లో ఏదైనా సర్వర్ పేరు పెట్టి ఉందేమో చూడండి. డీఎన్ఎస్ అంటే సైట్ పేరును బట్టి దాని అడ్రస్ వెతికి ఇచ్చేది. ప్రకటనలు రాకుండా చాలామంది పెట్టుకుంటారు. దాన్ని ఆటోమేటిక్‌కు మార్చి చూడండి. వీపీఎన్ యాప్ ఉంటే అదీ ఆపండి.

మంజీర
తుమ్మెద గారు చెప్పింది మొదట చూడండి. అది కాకపోతే ఆ ఫోన్‌లో వైఫై పేరు మీద నొక్కి ఐపీ అడ్రస్ చూడండి. 192.168.137 తో మొదలైతే ల్యాప్‌టాప్ అడ్రస్ ఇస్తోంది, పేర్లను వెతికే డీఎన్ఎస్ దగ్గరే చిక్కు. అప్పుడు ఆ ఫోన్ వైఫై సెట్టింగ్‌లో ఐపీని స్టాటిక్ చేసి, గేట్‌వే 192.168.137.1, డీఎన్ఎస్ 8.8.8.8 పెట్టండి. అడ్రస్ చివరి అంకె మిగతా ఫోన్లతో కలవకుండా 200 లాంటిది ఇవ్వండి. అసలు అడ్రస్సే రాకుండా "ఆబ్టెయినింగ్ ఐపీ అడ్రస్" దగ్గర తిరుగుతుంటే మాత్రం ల్యాప్‌టాప్‌లో విడిగా వేసిన యాంటీవైరస్ ఫైర్‌వాల్‌ను అనుమానించాలి.

మూత సంగతి: కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, ఎడమవైపు "చూజ్ వాట్ క్లోజింగ్ ద లిడ్ డజ్". ప్లగ్డ్ ఇన్ కింద "డూ నథింగ్". స్లీప్ టైమ్ కూడా నెవర్ పెట్టండి. మూసిన ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టకండి, బల్ల మీదే ఉంచండి.

వంశధార
కోరంగి గారూ, నెట్ వచ్చింది కాబట్టి ఇప్పుడు చెబుతాను. రౌటర్ లేకుండా నేరుగా ల్యాప్‌టాప్ డయల్ చేస్తోంది అంటే ఆపరేటర్ నెట్‌వర్క్‌కూ మీ ల్యాప్‌టాప్‌కూ మధ్య విండోస్ ఫైర్‌వాల్ ఒక్కటే ఉంది. మీ అడ్రస్ 100 తో మొదలైంది అన్నారు. రెండో అంకె 64 నుంచి 127 మధ్యలో ఉంటే అది ఆపరేటర్ తన కస్టమర్లందరికీ పంచే లోపలి అడ్రస్. బయటి ప్రపంచం నుంచి నేరుగా తలుపు తట్టడం కష్టం, కానీ అదే ఆపరేటర్ లైన్ మీద ఉన్న ఇతరుల సంగతి అలా కాదు.

బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్‌ను పబ్లిక్ ప్రొఫైల్‌లోనే ఉంచండి. ఫైర్‌వాల్ ఎప్పుడూ ఆపకండి, "హాట్‌స్పాట్ రాకపోతే ఫైర్‌వాల్ ఆఫ్ చేయండి" అని చెప్పే వీడియోలను నమ్మకండి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది, ఇలా నేరుగా నెట్‌కు తగిలించిన పాత ల్యాప్‌టాప్‌లో బ్యాంకు పనులు చేయకపోవడం మంచిది. ఉచిత హాట్‌స్పాట్ సాఫ్ట్‌వేర్లు కూడా తెలియని సైట్ల నుంచి దించకండి. విండోస్‌లో ఉన్నదానితోనే మీకు పని జరిగింది.

పెన్నాతీరం
వంశధార గారు చెప్పినదానికి నా ఓటు. రౌటర్ కావాలనడానికి డబ్బు, కరెంటు కన్నా ఇది పెద్ద కారణం. బయటినుంచి వచ్చేదాన్ని ముందు అది ఆపుతుంది.

గోల్కొండ27
నాకు ఇంకో డౌట్. ఫోన్లు డిస్‌కనెక్ట్ చేసి క్లాసుకు వెళ్లి వస్తే హాట్‌స్పాట్ దానంతట అదే ఆఫ్ అయి ఉంటోంది.

మంజీర
మొబైల్ హాట్‌స్పాట్ పేజీలోనే పవర్ సేవింగ్ అనే స్విచ్ ఉంటుంది. ఎవరూ కనెక్ట్ కాకపోతే కొన్ని నిమిషాలకు హాట్‌స్పాట్‌ను ఆపేది అదే. ఆఫ్ చేయి. ఎప్పుడైనా విండోస్ అప్‌డేట్ తర్వాత హాట్‌స్పాట్ ఉన్నట్టుండి పాడైతే తప్పంతా నీ సెట్టింగ్‌లదే అనుకోకు. 2022 జూన్ అప్‌డేట్లతో ఇలాగే అయింది. ఫోన్ కనెక్ట్ కాగానే ల్యాప్‌టాప్‌కే నెట్ పోయేది. మైక్రోసాఫ్ట్ ఒప్పుకుని తర్వాతి అప్‌డేట్లలో సరిచేసింది. నువ్వు రూల్స్ సంగతి కనుక్కున్నావా?

గోల్కొండ27
వార్డెన్ సార్‌ను అడిగాను. రూమ్‌లో ఉన్నవాళ్ల వరకు పర్వాలేదు, పాస్‌వర్డ్ ఫ్లోర్ అంతా తిరగకూడదు అన్నారు. పాస్‌వర్డ్ మార్చేశాను.

కోరంగి
ప్రైవేట్ డీఎన్ఎస్ ఆటోమేటిక్ చేయగానే మా ఆవిడ ఫోన్ కూడా పనిచేసింది, తుమ్మెద గారికి ధన్యవాదాలు. మూత మూసినా నడుస్తోంది. కాకపోతే ఈ ఉదయం ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేస్తే వైఫై పేరే లేదు. కమాండ్ మళ్లీ ఇచ్చాక పేరు వచ్చింది కానీ నెట్ రాలేదు. షేరింగ్ ట్యాబ్‌లో టిక్ తీసి మళ్లీ పెడితే వచ్చింది.

మంజీర
రెండు విషయాలూ మామూలే. హోస్టెడ్ నెట్‌వర్క్ రీస్టార్ట్ తర్వాత తనంతట తాను మొదలవదు. నోట్‌ప్యాడ్‌లో స్టార్ట్ కమాండ్ ఒక్క వరుస రాసి, డాట్ బ్యాట్ అనే ముగింపుతో డెస్క్‌టాప్ మీద సేవ్ చేయండి. రైట్ క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే చాలు, అమ్మాయి కూడా చేసుకోగలదు.

షేరింగ్ మర్చిపోవడం విండోస్ 10లో బాగా తెలిసిన ఇబ్బంది. సర్వీసెస్ తెరిచి "ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్" సర్వీసును ఆటోమేటిక్ చేయండి. దానితో పాటు రిజిస్ట్రీలో హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్ వెర్షన్, షేర్డ్ యాక్సెస్ కింద "ఎనేబుల్ రీబూట్ పర్సిస్ట్ కనెక్షన్" అని ఖాళీల్లేకుండా ఒక డీవర్డ్ (అంకె విలువ పెట్టే ఎంట్రీ) సృష్టించి విలువ 1 ఇవ్వాలి. రిజిస్ట్రీలో చేయి పెట్టడం ఇష్టం లేకపోతే టిక్ తీసి పెట్టే పద్ధతే కొనసాగించండి, నష్టం లేదు.

కోరంగి
సర్వీస్ మార్చాను, బ్యాట్ ఫైల్ చేశాను. రిజిస్ట్రీ జోలికి వెళ్లలేదు. పరీక్షలయ్యాక రౌటర్ కొంటాను పెన్నాతీరం గారూ. ఆపరేటర్ ఆఫీసుకు ఫోన్ చేస్తే, రౌటర్ తెచ్చాక దాని వెనక ఉన్న నంబరు చెప్పండి, ఎక్కిస్తాం అన్నారు.

పెన్నాతీరం
మంచిది. రౌటర్ వెనక రెండు మ్యాక్ నంబర్లు ఉంటే వ్యాన్ పోర్టుది, అంటే బయటి నెట్ వైరు గుచ్చే పోర్టుది, చెప్పండి. ఒకటే ఉంటే, పెట్టెలో ఉన్నప్పుడే కాకుండా రౌటర్ ఆన్ చేసి దాని స్టేటస్ పేజీలో వ్యాన్ మ్యాక్ ఏముందో కూడా చూసి చెప్పండి, కొన్నింటిలో చివరి అంకె తేడా ఉంటుంది. ఈ లోపు ల్యాప్‌టాప్ ఈథర్నెట్ పోర్టు మ్యాక్ అడ్రస్‌ను, వైఫైది కాదు, ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ కొట్టి ఫిజికల్ అడ్రస్ అన్న చోట చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి. డయలర్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా అదే కాగితం మీద. ల్యాప్‌టాప్ పాతది అంటున్నారు. అది ఒకరోజు మొరాయిస్తే ఆ మూడూ ఉంటేనే లైన్‌ను ఇంకోదానికి మార్చుకోగలరు.